ఉత్తుత్తి పదాల టీచర్

ఉప్మా చేద్దామని బొంబాయి రవ్వ డబ్బా తీసి, పురుగులేమైనా ఉన్నాయేమో చూసుకోవడానికి వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోస్తాను. సర్రుమని జారే ఆ చప్పుడు చెవిన పడిందంటే చాలు, నా కుడిచేతి చూపుడువేలు ఇక నా మాట వినదు. పళ్లెంలోకి దిగి ఒక ‘ఖ’ రాస్తుంది. పళ్లెం కాస్త ఊపి, చెరిపి, ఇంకో ‘ఖ’ రాస్తుంది. పోపు మాడిపోతున్నా దానికి పట్టదు. దోమలగూడలోని మా వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆయన, “ఉప్మా ఇయ్యాలయితదా, రేపయితదా?” అని అడుగుతాడు. పెళ్లయిన కొత్తలో ఇదేదో మొక్కు అనుకున్నాడట పాపం.

ఈ అలవాటు నాకు అంటించింది సుభద్ర టీచర్. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వదిలి రెండు సందులు లోపలికి వెళ్తే కింద ఒక టైలర్ దుకాణం, దాని పైన ఆమె ఇల్లు ఉండేవి. మిగతా పిల్లలు గడగడా చదివేస్తుంటే ఒక్క వాక్యం దగ్గరే గంటసేపు తచ్చాడే పిల్లలుంటారు చూడండి, వాళ్లకు చదవడం నేర్పేవారామె. డిస్లెక్సియా అన్న మాట అప్పటికే చాలామంది తల్లిదండ్రులు విని ఉన్నారు. కానీ తమ పిల్లల విషయంలో మాత్రం ఆ మాట నోటికి రానిచ్చేవారు కాదు. “జర బద్ధకం మేడం, ఇంకేం లేదు” అనేవారు. టీచర్ తలూపి, “అవు, నాక్కూడ శానా బద్ధకం. ఇద్దరం కలిసి కూసుంటం తియ్యండి” అని పిల్లవాడిని లోపలికి తీసుకుపోయేవారు. మనిషి పొట్టి. గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుండేవి. నవ్వితే కింద టైలర్‌కు వినిపించేది. పైన ఎవరో ఒక కొత్త వాక్యం చదివారని తనకు ఆ నవ్వుతోనే తెలిసిపోతుందని అతను అనేవాడు. ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పి, వెనక బెంచీల పిల్లలను చూసి చూసి మనసు ఆగక, ఈ పని ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చారట. ఆ ఇంట్లో నిషిద్ధమైన మాట ఒక్కటే, తొందరపెట్టే ‘జల్ది’. పాలవాడు కూడా గుమ్మం దగ్గర ఆ మాట అనడానికి భయపడేవాడు.

నేను ఆమె దగ్గరకు చేరిన నాటికి నాకు ఇరవై అయిదేళ్లు. మాది జనగామ దగ్గర ఊరు. డిగ్రీ పాసై, సర్కారు కొలువు పరీక్షల కోసం అశోక్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో ఉండేదాన్ని. ఒకే గదిలో ఆరు మంచాలు, మంచానికో పుస్తకాల గుట్ట. నా గుట్ట అందరికన్నా ఎత్తుగా ఉండేది. అందులో నేను సొంతంగా చదివింది మాత్రం అట్టల మీది పేర్లే. పక్క మంచం లావణ్యకు పైకి చదివే అలవాటు. ఆమె చదువుతుంటే నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. ఒక్కసారి వింటే చాలు, కామాలతో సహా అప్పజెప్పగలిగేదాన్ని. చిన్నప్పుడు మా అక్క చదువుతుంటే విన్నాను, కాలేజీలో స్నేహితురాళ్లు చదువుతుంటే విన్నాను. అలా డిగ్రీ దాకా వచ్చేశాను. నాలుగు ముక్కలు రాయగలను, బోర్డులు పోల్చుకోగలను. కొత్త పేజీ చేతికి వస్తే మాత్రం అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేదాన్ని. ఉద్యోగాల పరీక్షలో ఆ పప్పులు ఉడకవు కదా. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ సగం పేపర్ చదివేసరికే గంట కొట్టేశారు. ఇంట్లో మాత్రం “ప్రశ్నలు కఠినంగ వచ్చినయి” అని చెప్పాను. నేను మొద్దునని నాకు గట్టి నమ్మకం. ఆ సంగతి బయటపడకుండా చూసుకోవడమే నా అసలు ఉద్యోగం.

సుభద్ర టీచర్‌కు సాయం కావాలని జిరాక్సు షాపు గోడ మీద కాగితం అతికించి ఉంటే లావణ్యే చదివి చెప్పింది. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. పిల్లలంటే ఇష్టం ఉంటే చాలట. చదివించే చోట పనికి పోవడమేమిటని మీరు అడగవచ్చు. నిజానికి అక్కడ చదవడం రాని పిల్లలుంటారని విని, వాళ్లెలా ఉంటారో ఒకసారి చూడాలనిపించింది. టీచర్ నన్ను నా చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు.

“పిల్లలు ముక్కలు ముక్కలుగ చదివితె నవ్వొస్తదా నీకు?”

“రాదు టీచర్.”

“కోపమొస్తదా?”

“రాదు.”

“ఒక్క లైను కాడ్నే పావుగంట కూసుంటరు. బోర్ కొడ్తదా?”

“ఏమో టీచర్.”

“ఆ ఏమో అన్నవు సూడు, గది మంచిగున్నది. రేపటి సంది రా.”

ఆమె పని తీరు చూసి మొదటి వారం కళ్లు తేలేశాను. పిల్లలు చాపల మీద పళ్లాలు పెట్టుకుని రవ్వలో వేలితో అక్షరాలు రాస్తూ, రాసేది పైకి పలుకుతూ ఉంటారు. వేలికి తెలిసింది కంటికి మెల్లగా తెలుస్తుందని ఆమె అనేవారు. పాత పెళ్లి పత్రికలు కత్తిరించి, మధ్యలో చిన్న కిటికీ కోసి, పుస్తకం మీద పెట్టించేవారు. కిటికీలోంచి ఒక్క పదమే కనిపిస్తుంది, మిగతావి వచ్చి మీద పడవు. అన్నిటికన్నా పిల్లలకు ఇష్టమైనవి శుక్రవారం నాటి ఉత్తుత్తి పదాలు. ఏ అర్థమూ లేని పదాలు పది, టీచర్ సొంతంగా కల్పించి చీటీల మీద రాసేవారు. టింజవ, గెలబూసి, డొమికెల. ముందెక్కడా వినలేదు కాబట్టి కంఠస్థం చేసి రావడానికి లేదు, అర్థం లేదు కాబట్టి ఊహించడానికి లేదు. అక్షరం అక్షరం పట్టుకుని చదవాల్సిందే. సరిగ్గా చదివితే ఆ వస్తువు ఏమిటో చదివినవాళ్లే చెప్పాలి. గెలబూసి అంటే పచ్చడి మాత్రమే తినే జంతువని ఒకడు తేల్చాడు. “టింజవ అంటె మా దుకాణంల ఎవలూ కొనని గిన్నె” అంది నిత్య. ఆ రోజు కింద టైలర్ పని ఆపి పైకి వచ్చి ఏమైందని అడిగిపోయాడు. చీటీలు పంచే పని నాది. చదివి వినిపించే పని వస్తే మాత్రం మంచినీళ్లకని లోపలికి వెళ్లిపోయేదాన్ని. శుక్రవారాలు నాకు మహా దాహం వేసేది.

నిత్యకు తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న నర్సింగరావు గారికి నారాయణగూడ మార్కెట్లో స్టీలు సామాన్ల దుకాణం. పిల్ల మాటల్లో దిట్ట, లెక్కల్లో పిడుగు, పుస్తకం తెరిస్తే చాలు కడుపునొప్పి. ఆ కడుపునొప్పి నాకు బాగా తెలిసిన నొప్పి కాబట్టి ఆ పిల్ల మీద నాకు ప్రాణం. ఒకరోజు మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ కనిపించింది. వచ్చే శనివారం నాన్న వచ్చి తన చదువు వింటాడట. ఈ ఆరు నెలల్లో ఏమీ రాలేదని తేలితే ఇక్కడ మాన్పించి ఎక్కడో హాస్టల్ బడిలో వేస్తాడట. నాలుగు తగిలిస్తే చదువు అదే వస్తుందని దుకాణానికి వచ్చిన పెద్దమనిషి ఎవరో సలహా ఇచ్చాడట. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అదే ఆ పిల్లకు నేర్పాను. వాచకంలో చెరువు మీద రెండు పేజీల పాఠం ఉంది. నిత్యతో పాటు బడిలో చదివే పిల్ల ఒకతె దాన్ని పైకి చదువుతుంటే విని, శనివారానికి మిగిలిన మూడు రోజులూ మెట్ల మీదే నిత్య చేత వల్లె వేయించాను. వేలు ఎక్కడెక్కడ జరపాలో, ఎక్కడ కాస్త తడబడితే నమ్మకంగా ఉంటుందో కూడా చెప్పాను. మహా ఘనకార్యం చేస్తున్నాననే అనుకున్నాను.

శనివారం నర్సింగరావు గారు తెల్లచొక్కా వేసుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. నిత్య పుస్తకం తీసి మొదలుపెట్టింది. చెరువు, కట్ట, తూము, కొంగలు, అన్నీ వరసగా వస్తున్నాయి. చెప్పిన చోటల్లా తడబడుతోంది కూడా. ఆయన కళ్లు మూసుకున్నారు. కాసేపటికి జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు. నేను తలుపు పక్కన నిలబడి ఉప్పొంగిపోతున్నాను. అంతలో చూద్దును కదా, నిత్య రెండో పేజీలోకి వెళ్లిపోయింది, పుస్తకం మాత్రం మొదటి పేజీ దగ్గరే ఉంది. పేజీ తిప్పడం మరిచిపోయింది! కొంగలన్నీ ఎగిరిపోయి పొలాలకు నీళ్లు పారుతున్నాయి, పిల్ల వేలు ఇంకా చెరువు కట్ట మీదే ఉంది. తండ్రి చూడలేదు. టీచర్ చూశారు. ఆమె నవ్వకపోవడం నేను చూసింది ఆ రోజే.

తండ్రీకూతుళ్లు సంబరంగా మెట్లు దిగి వెళ్లాక, “మంజులా, జర కూసో” అన్నారు.

కూర్చున్నాను.

“పేజీ తిప్పాలె అని చెప్పుడు మరిచినవా?”

చాపలోని పుల్ల ఒకటి పీకడం మొదలుపెట్టాను.

“గింత సాఫ్‌గ చెయ్యాలంటె తొమ్మిదేండ్ల పిల్ల తోని గాదు. దీనికి తజుర్బా గావాలె, ఏండ్ల అలవాటుండాలె. నీకెన్నేండ్ల సంది ఉన్నది?”

అంటూనే ఒక చీటీ తీసి, ఐదు ఉత్తుత్తి పదాలు రాసి నా ముందు పెట్టారు. “చదువు” అన్నారు. చీటీ చూశాను. అక్షరాలు చీమల్లా కదిలాయి. “కండ్లద్దాలు రూంల మరిచిన టీచర్” అన్నాను. నాకసలు కళ్లద్దాలే లేవు. ఆరు నెలలుగా రోజూ నా ముఖం చూస్తున్న మనిషితో అన్నానా మాట! ఒక్క క్షణం ఆగి, ఆమె పడీపడీ నవ్వారు. నాకేమో ఏడుపు ముంచుకొచ్చింది. రెండో తరగతి నుంచీ దాచుకున్నదంతా ఆ చాప మీద కక్కేశాను. అక్క చదవడం, లావణ్య చదవడం, సగంలో మిగిలిపోయిన పరీక్షలు, అన్నీ. “నేను మొద్దుదాన్ని టీచర్” అన్నాను చివరికి.

“మొద్దుదానివైతె రెండు పేజీలు ఒక్కపారి విని యాదికి వెట్టుకుంటవా? నాతోని గాదు. నీ దిమాక్ మంచిగనే ఉన్నది బిడ్డా. అక్షరాన్ని పట్టుకునే తొవ్వ నీకెవలు చూపెట్టలే, గంతే.” తర్వాత ఆమె గొంతు మారింది. “గని నువ్వు జేసింది తప్పు. నీ మూట తీస్కపోయి ఆ పిల్ల నెత్తిన వెట్టినవు. ఇన్నేండ్లు మోసినవు గద, ఎంత బరువుంటదో నీకు ఎర్కలేదా?”

పిల్లలు ఏమి చదివినా ‘తప్పు’ అనని మనిషి. ఆమె నోట ఆ మాట విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. తల కొట్టేసినట్టయింది. అయినా ఆ రోజు హాస్టల్‌కు నడిచి వెళ్తుంటే ఏళ్ల తర్వాత నాకు హాయిగా ఊపిరి ఆడింది. నా సంగతి తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఒకరున్నారు, తెలిసి కూడా సోమవారం రమ్మన్నారు.

నిత్యకు నిజం చెప్పే పని టీచర్ నాకే వదిలేశారు. సోమవారం అదే మెట్ల మీద కూర్చోబెట్టి, “నాకు గూడ చదువుడు సక్కగ రాదు నిత్యా” అన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

“మరి నిన్ను గూడ హాస్టల్ల ఏస్తమన్నరా?”

“నేనున్నదే హాస్టల్ల గద.”

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నా రహస్యం గురించి నేను నవ్వగలనని అప్పటిదాకా నాకు తెలియదు.

తండ్రికి చెప్పడం మాత్రం నవ్వులాట కాలేదు. టీచర్ ఆయన్ను మళ్లీ పిలిచి, నిత్య ఎన్నడూ చూడని పుస్తకం ఒకటి తెరిచి, కిటికీ అట్ట పెట్టి నాలుగు వాక్యాలు చదవమన్నారు. పిల్ల ఒక్కో పదం ముందు ఆగుతోంది, అక్షరానికొక దెబ్బ చొప్పున తొడ మీద వేళ్లతో తాళం వేసుకుంటోంది, మళ్లీ కదులుతోంది. ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు. “జల్” అనబోయి టీచర్ ముఖం చూసి మిగతాది మింగేశారు. నాలుగు వాక్యాలూ పూర్తయ్యేసరికి నిత్య నుదుట చెమట పట్టింది.

“మొన్న ఫటాఫట్ చదివింది గద మేడం, గిదేంది?” అన్నారాయన.

“మొన్న యాదికున్నది చెప్పింది. ఇయ్యాల చదివింది” అన్నారు టీచర్.

ఇక దాక్కోవడానికి చోటు లేదు. ముందుకు వచ్చి, “మొన్నటిది నేనే నేర్పిన సార్. నాకు గూడ చదువుడు రాదు. నేను గట్లనే ఎల్లదీసుకున్న” అన్నాను.

“డిగ్రీ చదివిన్నంటివి గదమ్మా?”

“చెవులతోని చదివిన సార్.”

నన్ను పనిలోంచి తీసేయమంటారేమో, కూతురి చెయ్యి పట్టుకుని లేచిపోతారేమో అనుకున్నాను. ఆయన కూతురి నుదుటి చెమట తన జేబురుమాలుతో తుడిచి, “దుకాణంల గిరాకొస్తె నేను తొందర వెట్ట. గిన్నె అటు తిప్పి ఇటు తిప్పి చూసుకోనిస్త. ఈడ గూడ గట్లనే అనుకుంట తియ్యండి” అన్నారు. హాస్టల్ బడి మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాటి నుంచి పిల్లలు రాకముందే నా చదువు మొదలైంది. ఇరవై అయిదేళ్ల దాన్ని పళ్లెం ముందు పెట్టుకుని ‘క’ దగ్గర కూర్చున్నాను. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పక్కన సుభద్ర టీచర్ పల్లీలు నములుతూ, లోకంలో ఇంతకన్నా ముఖ్యమైన పనేదీ లేనట్టు కూర్చునేవారు. ఊహించి చదివితే ఇట్టే పట్టేసేవారు. “అది కాయితంల ఉన్నదా, నీ దిల్ల ఉన్నదా?” అనేవారు. శుక్రవారాలు నిత్యకూ నాకూ పోటీ. మొదటి నాలుగు నెలలూ పిల్ల నన్ను చిత్తుచిత్తుగా ఓడించింది. “మెల్లగ చదువు అక్కా, బస్సేం పోతలేదు” అని పెద్దరికంగా ధైర్యం కూడా చెప్పేది. నేను గెలిచిన మొదటి శుక్రవారం ఆ పిల్ల అలిగి, సాయంత్రం వరకు నాతో మాట్లాడలేదు. అంతకన్నా గొప్ప సన్మానం నాకు ఇప్పటిదాకా జరగలేదు.

మూడోసారి ఉద్యోగ పరీక్ష రాశాను. రెండు బొటనవేళ్లనే కిటికీగా పెట్టుకుని ఒక్కో పదం చదువుతూ పోయాను. గంట కొట్టడానికి కాస్త ముందు కింద ఇక ఏమీ లేదని గమనించాను. అది చివరి ప్రశ్న! చివరి ప్రశ్న ఎలా ఉంటుందో నా జీవితంలో మొదటిసారి చూశాను. నాకు నవ్వాగలేదు. గదిలో కాపలాకు ఉన్న మేడం అనుమానంగా వచ్చి నా బల్ల కింద వెతికి వెళ్లారు. పరుగున చిక్కడపల్లి వెళ్లి చెబితే టీచర్ మిర్చి బజ్జీలు తెప్పించి పిల్లలందరికీ, టైలర్‌కూ పంచారు. ఫలితాలు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. బజ్జీలు వాపసు అడగలేదామె. “ఇగ ఏం జేస్తవు?” అన్నారు. “మీ పనే జేస్త” అన్నాను. రెండేళ్లు ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను, అక్కడి నుంచి వెళ్లి శిక్షణ కూడా తీసుకున్నాను. ఇప్పుడు మా ముందుగదిలో నా చాపలు, నా పిల్లలు ఉన్నారు.

చివరి రెండేళ్లు టీచర్‌కు షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. అందరికీ చదవడం నేర్పిన మనిషి పేపర్‌కు దూరమయ్యారు. నేను వెళ్లి బాధపడబోతే, “ఏడ్వకు. పేపర్ తీయ్” అన్నారు. అలా ఆదివారాలు పొద్దున్నే వెళ్లి చదివి వినిపించేదాన్ని. మంత్రుల మాటలు, నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ జామ్, సంతాప ప్రకటనలు, ఏదీ వదలనిచ్చేవారు కాదు.

ఒక ఆదివారం పేపర్ బదులు ఒక కవరు చేతికిచ్చారు. నిత్య రాసిన ఉత్తరం. వాళ్లు దుకాణం నిజామాబాద్‌కు మార్చుకుని అప్పటికి నాలుగేళ్లు. ఆ పిల్ల కాలేజీలో చేరింది. మూడు పేజీలు, చేతిరాత, కొట్టివేతలు, వంకర వరసలు. లోపల ఏముందో నాకెవరూ చెప్పలేదు, ఊహించే దారి లేదు. మెల్లగా మొదలుపెట్టాను.

“టీచర్, ఫోన్ చేయొచ్చు గని రాయబుద్ధయింది. ఎవలనీ అడగకుంట రాసిన, తప్పులుంటయి. మొన్న క్లాసుల అందరి ముందట నన్ను చదువుమన్నరు. కడుపుల నొచ్చింది. అయినా లేసి చదివిన. నాలుగు తప్పులు పోయినయి. కూసున్న. గంతే టీచర్, ఏం గాలే. ఇది మీకు మంజులక్క చదువుతుంటదని నాకెరికె. అక్కా, మెల్లగ చదువు. ఇది నీకు యాదిల లేదు.”

అక్కడ ఆగాను, కళ్లు తుడుచుకున్నాను, మిగతా రెండు పేజీలు చివరి సంతకం దాకా చదివాను. టీచర్ కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. నిద్రపోయారేమో అనుకుని కాగితాలు మడవబోయాను.

“మల్లొకపారి చదువు” అన్నారు.

“ఏదన్న సమజ్ గాలేదా టీచర్?”

“అంత సమజయింది. నువ్వు చదువుతుంటె వినబుద్ధయితుంది.”

ఆ తర్వాత ఆమె ఎన్నో ఆదివారాలు బతకలేదు. ఆమె ఇంట్లో ఇప్పుడు వేరెవరో కిరాయికి ఉంటున్నారు. రెండో తరగతి నుంచి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా, ఎవరైనా కాగితం చాపితే నాకు దాహం వేసేది, తలనొప్పి వచ్చేది, లేని కళ్లద్దాలు ఎక్కడో మరిచిపోయేదాన్ని. ఇప్పుడు బ్యాంకులోనో, బస్టాపులోనో ఎవరైనా ఒక కాగితం తెచ్చి, “జర చదివి చెప్తవా అక్కా” అంటారు. నేను జరిగి పక్కన చోటిస్తాను, గొంతు సవరించుకుంటాను.